హలీమాబీ చెప్పిన బోయ సాక్ష్యం

దుబాయ్ దేశంలో చట్టాలు చేసేది రాజులు, నడిపేది పోలీసులు. కానీ ఆ దేశంలో అనంతపురం జిల్లా చట్టాన్ని నడిపిన మనిషి మాత్రం ఇప్పటివరకు ఒక్కతే. ఆమె మా నాయనను కన్న జేజి హలీమాబీ. ఆమెకు తుపాకీ లేదు, లాఠీ లేదు, చేతిలో ఒక టీ ట్రే ఉండేది. ఆ ట్రేను చూసి సర్కారు ఆఫీసు మొత్తం గజగజ వణికింది.

వణికింది అనడం కొంచెం ఎక్కువే. ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు ఛాయ్ అందక తలనొప్పితో పడ్డారు. అదైతే నిజం.

దుబాయ్ అన్నానని దుబాయే అనుకోవద్దు. మా కదిరి పక్క, గల్ఫులో ఏ మూలకు పోయినా దుబాయ్ పోయినట్టే లెక్క. జేజి ఉన్నది రాస్ అల్ ఖైమాలో. వెనక రాళ్ళ కొండలు, ఆ కొండలను పగలగొట్టే క్వారీలు, ముందర సముద్రం. ఊరంతా ఎప్పుడూ సన్నటి తెల్ల దుమ్ము. ఆ దుమ్మును తుడవడానికే దేవుడు తనను అక్కడికి పంపించాడని జేజికి గట్టి నమ్మకం.

దూదేకులోళ్ళ ఇంట్లో పుట్టి, దూదేకులోళ్ళ ఇంట్లోనే మెట్టిన మనిషి. మొగుడు అల్లాబకాష్ దూది ఏకితే ఆమె పరుపులు కుట్టేది. ఊర్లోకి స్పాంజి పరుపులు వచ్చిపడ్డాక వాళ్ళను పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఆయన ఊపిరితిత్తుల్లో దూది నిండి దగ్గు పట్టుకుంది. అప్పుడు జేజి సూది పక్కన పెట్టి విమానం ఎక్కింది. మొదట ఒక అరబ్బు ఇంట్లో వంటపని. ఆ ఇంటావిడ మంచిది కాబట్టి తర్వాత ఒక సర్కారు ఆఫీసులో, ఆడవాళ్ళు పనిచేసే విభాగంలో, ఒక కంపెనీ ద్వారా ఊడ్చే పనీ ఛాయ్ పనీ ఇప్పించింది. అది ఏ ఆఫీసో రాయొద్దని జేజి ఒట్టు పెట్టించుకుంది. ఆమె తిట్లకు భయపడి రాయడం లేదు.

ఆ కిచెన్ ఆమె రాజ్యం. ఎవరికి పాలు లేని సులేమానీ కావాలో, ఎవరికి పాలు ఎక్కువ పడాలో అన్నీ నోటికే ఉండేవి. ఎవరినీ పొగిడేది కాదు. ఎవరైనా "ఛాయ్ బాగుంది" అంటే, "నిన్న బాగలేదా?" అని గుడ్లురిమి చూసేది. ఆ ఆఫీసులో ఆమెకు నచ్చిన మనిషి ఒక్కతే. పేరు సనోబర్.

సనోబర్ కంప్యూటర్ మీద లెక్కలు ఎక్కించే పిల్ల. వాళ్ళమ్మది నెల్లూరు. రాస్ అల్ ఖైమాలోనే పుట్టి పెరిగినా ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. తల్లిదండ్రులు పోయాక ఒక్కతే మిగిలింది. ఆ ఉద్యోగం ఉంటేనే వీసా. వీసా పోతే నెల్లూరులో పెదనాన్న లాల్ అహ్మద్ సంబంధం చూసి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పెళ్ళికొడుకు ఫోటో చూపించినప్పుడు సనోబర్ ముఖం పెట్టిన తీరు జేజికి బాగా గుర్తు. జ్వరం మందు మింగినట్టు పెట్టిందట.

సనోబర్ కట్టు వేరుగా ఉండేది. పైన అందరిలాగే నల్ల అబాయా ఉన్నా, లోపల ప్యాంటూ చొక్కా. జుట్టు మెడ దాకా కత్తిరించేసింది. చేతికి మగవాళ్ళ గడియారం, లావుపాటిది. పూసుకునే అత్తరు కూడా మగవాళ్ళదే. జేజి ఇవన్నీ చూసింది. చూసి, "పాపం, నాయన వస్తువులు పారేయలేక వాడుకుంటాంది" అనుకుంది. అంతకు మించి ఆలోచన పోలేదు.

2007లో, ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక మాట ఆఫీసులోకి వచ్చింది. కాలేజీల్లో, బజార్లలో, పత్రికల్లో అదే మాటట. ఆడవాళ్ళు గుమికూడిన చోటల్లా గుసగుస. జేజి ట్రే పట్టుకుని గుమాస్తాల గదిలోకి పోతుంటే ఆ మాట సూటిగా ఆమె చెవిలో పడింది. అన్నది రజియా బేగం. హైదరాబాదు మనిషి, పెద్ద గుమాస్తా, అరబ్బీ గడగడా మాట్లాడుతుంది. సనోబర్ కిటికీ అవతల నడిచిపోతోంది.

"అగో, పోతున్నది చూడు, బోయా," అంది రజియా. "నడక చూడు. పక్కా బోయా."

జేజి ట్రే బల్ల మీద దడేల్మని పెట్టింది.

"ఏమంటివి?"

"ఏం లేదు హలీమాబీ. ఛాయ్ పెట్టి పో."

"ఆ పిల్లను ఏమంటివి? బోయ అంటివా లేదా?"

"అన్నా. అయితే ఏంది? ఆఫీసంతా అంటున్నరు. నేను కొత్తగ అన్ననా?"

"బోయ అయితే నీ సొమ్ము ఏం పోయె? నా కొడుకు పీరా బోయ పాలు తాగి పెరిగినోడు, తెల్సునా నీకు?"

రజియా చేతిలో పెన్ను కింద పడింది. "తౌబా తౌబా! ఏం మాట్లాడుతున్నవ్ హలీమాబీ?"

"ఉన్న మాటే మాట్లాడతాండా. నాకు పాలు పడకుంటే మా పక్కింటి బోయ సుంకమ్మ వాడిని ఒళ్ళో యేసుకొని సాకింది. మన దీన్ లెక్కన ఆమె నా కొడుక్కి పాలతల్లి. నేనూ ఆమే ఒగే సాప మీద పండుకొని పెరిగినోళ్ళం."

"మీ పల్లెటూర్ల గుడ బోయాలు ఉన్నరా?"

"వీధికి వీధే ఉండాది!"

గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ నోళ్ళు తెరిచారు. తెలుగు అర్థమైనవాళ్ళు అర్థం కానివాళ్ళకు చెప్పారు. కదిరి దగ్గర ఒక వీధి నిండా బోయాలు ఉన్నారన్న కబురు ఆ పూటే మూడంతస్తులూ పాకింది.

ఇంతకీ జేజి అనుకున్నది ఇది. మా సీమలో బోయలు ఒక కులం. కొండలూ గుట్టలూ తెలిసిన, మాటకు నిలబడే జనం. సనోబర్ తాతముత్తాతలు ఎప్పుడో బోయలై ఉండి తర్వాత కలిమా చదివి ముస్లింలై ఉంటారని, ఆ సంగతి పట్టుకుని వీళ్ళు పిల్లను ఏడిపిస్తున్నారని జేజి లెక్క. చివర దీర్ఘం తీయడం అరబ్బుల యాస అనుకుంది. కదిరిలో ఒకసారి ఒక బడి అయ్యవారు పిల్లవాడిని కులం పేరు పెట్టి తిట్టి ఉద్యోగం మీదికి తెచ్చుకోవడం ఆమె కళ్ళారా చూసింది. అప్పటినుంచి అది అనంతపురం జిల్లా చట్టమని ఆమె మనసులో ముద్ర పడిపోయింది. అలా పడ్డ ముద్రను చెరపడం ఎవరి వల్లా కాదు. ఆమెకు మూడు ముక్కల చదువు నేర్పబోయిన, ఇది రాస్తున్న మనవరాలికి ఆ సంగతి బాగా తెలుసు.

"మా జిల్లాలో కులం పేరు పెట్టి ఆఫీసులో మనిషిని ఎగతాళి చేస్తే కేసు అయితాది," అంది జేజి. "ఈడ పోలీసోళ్ళకు ఆ పని చేతకాకుంటే నేను చేస్తా. ఇంగ ఆ మాట అన్నోళ్ళకు నా కిచెన్లో ఛాయ్ లేదు. ఖలాస్."

కులం అన్న మాట రజియా చెవికి ఎక్కలేదు. ఆమె ఇంకా ఆ వీధి దగ్గరే ఆగిపోయింది.

చట్టం వెంటనే అమల్లోకి వచ్చింది. రజియాకు ఛాయ్ బంద్. ఆమెతో కలిసి నవ్వినవాళ్ళకూ బంద్. ఒకామె కిచెన్ గుమ్మంలోకి వచ్చి బతిమాలితే, "ముందు నోరు కడుక్కోని రా" అని పంపేసింది. సనోబర్‌కు మాత్రం అడగకుండానే ఇంకో కప్పు. ఆ పిల్ల తాగేది. తాగుతూ జేజి వైపు అప్పుడప్పుడూ వింతగా చూసేది. తనకోసం ఇంత కొట్లాడుతున్న ఈ ముసలామె అన్నీ తెలిసే చేస్తోందా అని ఆశపడి ఉంటుంది.

ఛాయ్ అందనివాళ్ళు ఊరుకుంటారా? ముదీరా దగ్గరికి పోయారు. ముదీరా అంటే ఆ విభాగానికి పెద్ద. ఎప్పుడూ నవ్వని మనిషి. ఆమె జేజిని పిలిపించి, తనకొచ్చిన కాస్త హిందీలో అడిగింది, "హలీమా, సచ్ బోలో. సనోబర్ బోయా?"

"ఐవా," అని అరబ్బీలో అవునంది జేజి ఛాతీ విరుచుకుని. "బోయా. నాకు ముందే తెల్సు."

"ముందే తెలుసా?"

"తెల్సు. బోయా అయితే ఏం? కుల్లు బోయా జేన్!" బోయలంతా మంచివాళ్ళని జేజి తన వంటింటి అరబ్బీలో కుండ బద్దలు కొట్టేసింది. ముదీరా ఏదో రాసుకుని, పొమ్మని చెయ్యి ఊపింది. జేజి గెలిచినట్టే నడిచి వచ్చింది. ఆ పూట కిచెన్లో కూనిరాగం కూడా తీసిందట. ఆమె గొంతు విన్నవాళ్ళకే తెలుస్తుంది, అది ఎంత పెద్ద విపత్తో.

మరునాడు సనోబర్ కుర్చీ ఖాళీ. ఆ పక్కరోజు కూడా ఖాళీ. తర్వాత ఒక మధ్యాహ్నం, అందరూ నమాజుకు లేచిన వేళ, సనోబర్ కిచెన్లోకి వచ్చింది. తన కప్పు తీసుకుపోదామని వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఖాలా," అంది, పిన్నిని పిలిచినట్టు. "నేను మీకేం అన్యాయం చేశా?"

"ఏమైంది మే? యాడికి పోతివి నువ్వు?"

"నన్ను రావద్దన్నారు. పెద్దాఫీసు నుంచి వకీలు వస్తాడంట. మీరు ముదీరాకు చెప్పిన మాట ఆయన ముందర ఇంకోసారి చెప్తే నా పని ఖలాస్. ఉద్యోగం పాయె, వీసా పాయె. నెల్లూరే గతి. పోలీసుల దాకా పోకుంటే అదే అదృష్టమంట."

"నేను మంచిగానే చెప్తినే! బోయోళ్ళు మంచోళ్ళనే చెప్తి. కులానికి ఉద్యోగం తీస్తారా ఎవరైనా?"

"కులమా?" సనోబర్ ఆమెను అట్లాగే చూసింది. ముందు నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపైంది. "బోయా అంటే కులం కాదు ఖాలా. బాయ్. ఇంగిలీషులో మగపిల్లోడు. మగపిల్లోడి మాదిరి ఉండే ఆడపిల్లను వీళ్ళు బోయా అంటారు. ఆడపిల్లల మీదే మనసు పోయే ఆడపిల్లను."

ఆ మాట లోపలికి దిగాక జేజి పొయ్యి మీది పాలు పొంగుతున్నా ఆపలేదు.

"నీ గురించి అబద్ధం చెప్తాండారు కదా వాళ్ళు?"

సనోబర్ నేల చూసింది. "అబద్ధమని నేను చెప్పలా. మీకాడ అబద్ధం ఆడలేను. కావాలంటే ఈ మాట కూడా పోయి చెప్పండి."

జేజి రెండడుగులు వెనక్కి జరిగింది. ఆమె ఎలాంటి మనిషో దాచి రాస్తే ఆమెకే కోపం వస్తుంది కాబట్టి ఉన్నదున్నట్టు రాయాల్సిందే. ఆమె ఆ పిల్లను దగ్గరికి తీసుకోలేదు. కళ్ళు తుడవలేదు. కప్పు చేతికి కూడా ఇవ్వలేదు, బల్ల మీద పెట్టి వేలితో ముందుకు తోసింది.

"ఛీ," అంది. "ఇన్నాళ్ళు నా చేతి ఛాయ్ తాగినావు. ఒగ మాట చెప్పకపోతివి."

"మీరు అడగలా."

"అడిగేదానికి ఇట్లాంటిది ఒగటి ఉంటాదని నాకు తెలిస్తే కదా! పో. కండ్ల ముందర నిలబడొద్దు."

సనోబర్ పోయింది. కప్పు తీసుకోకుండానే పోయింది.

ఆ తర్వాత జేజికి ఒక పక్క ఆ పిల్ల మీద కోపం. ఇంకో పక్క రజియా మీద కోపం. అన్నింటికంటే ఎక్కువ కోపం తన నోటి మీద. ఆ పిల్ల మంచిదో చెడ్డదో అల్లా చూసుకుంటాడు. కానీ ఆమెను ఇరికించింది తన మాట. తను బోయ సుంకమ్మను తలచుకుని చెప్పిన మాటను పట్టుకుని ఇంకో మనిషిని విమానం ఎక్కిస్తున్నారు. ఇది ఆమెకు ఎటు తిప్పి చూసినా మింగుడు పడలేదు. ఇంకో చిక్కు ఉంది. ఇప్పుడు ఆమెకు నిజం తెలుసు. వకీలు సూటిగా అడిగితే అబద్ధం చెప్పాలి. ఐదు పూటలా నమాజు చదివే మనిషి అబద్ధపు సాక్ష్యం ఎట్లా చెబుతుంది?

ఆ ఆఫీసుకు ఒక కట్టుబాటు ఉంది. సర్కారు కొలువులో ఉన్నవాళ్ళను ఊరికే పుకారు మీద తీసేయకూడదు, సాక్షి వచ్చి పెద్దల ముందు తన నోటితో చెప్పాలి. సనోబర్ లాంటివాళ్ళను కాపాడే చట్టం ఏదీ అక్కడ లేదు. పట్టుకుపోయే చట్టమైతే కావలసినంత ఉంది. ఆ పిల్లకూ విమానానికీ మధ్య ఉన్న అడ్డం ఈ కట్టుబాటు ఒక్కటే. గుసగుసలాడినవాళ్ళు ఒక్కరూ సాక్షిగా ముందుకు రాలేదు. వకీలు, పోలీసు అన్న మాటలు వినగానే అందరికీ పనులు గుర్తొచ్చాయి. మిగిలిన సాక్షి జేజి.

వకీలు వచ్చిన రోజు, జేజి మాటను అరబ్బీలోకి మార్చడానికి రజియాను కూర్చోబెట్టబోయారు. జేజి ఒప్పుకోలేదు. "ఆమె నోట్లో పడితే నా మాట నా మాట మాదిరి ఉండదు. నాకు తెలుగు తెల్సినోళ్ళు ఇంగెవరైనా కావాల," అని గుమ్మంలోనే కూలబడింది. చివరికి తోటమాలి పర్శరాములును పిలిచారు. కరీంనగర్ పక్క పల్లెటూరి మనిషి. క్వారీల్లో, తోటల్లో పనిచేసి పనిచేసి అరబ్బీ బాగా పట్టేశాడు. చేతులకు మట్టి, మెడలో తువాలు, అలాగే వచ్చాడు. మెట్లు ఎక్కేటప్పుడు సంగతంతా విని ఆగిపోయాడు.

"అవ్వా, నీకేమన్న పిచ్చి లేసిందా? అసుంటి పోరి కోసం నువ్వెందుకు గీ పెంటల కాలు వెడ్తవ్? నన్నెందుకు గుంజుతవ్?"

"నేను ఆమె కోసం పోతాండానా? నా మాట కోసం పోతాండా."

"నీ మాటకు నా నౌకరి వోతే?"

"పోతే పోనీ. దినామూ నా ఛాయ్ తాగేటప్పుడు గుర్తు రాలేదా నౌకరీ? నడువు."

పర్శరాములు గొణుక్కుంటూ నడిచాడు. ఆ గొణుగుడులో జేజికి, ఛాయ్‌కి, ఆ పిల్లకి, ఆమెను కన్నవాళ్ళకి, అందరికీ వాటా పడింది.

గదిలో వకీలు, ముదీరా, గోడకు ఆనుకుని రజియా. సనోబర్ ఓ మూల కుర్చీలో తలదించుకుని ఉంది. జేజి ఆమె వైపు చూడలేదు.

"ఈ అమ్మాయి బోయా అని నువ్వు చెప్పావా?" అడిగాడు వకీలు. పర్శరాములు తెలుగులో చెప్పాడు.

"చెప్పినా," అంది జేజి.

ముదీరా కుర్చీలో వెనక్కి వాలింది.

"చెప్పినా కానీ, అది మా బోయ. మీ బోయా కాదు. మా దేశంలో బోయలని ఒగ కులం ఉండాది. ఈ పిల్ల ఆ కులమని అనుకొని చెప్పినా. మీ మాటకు అర్థం నాకు ఆ పొద్దు తెల్దు."

పర్శరాములు గొంతు సవరించుకున్నాడు. కులం అన్న మాటకు అరబ్బీ ఏమిటో తట్టలేదు. తల గోక్కుని, "ఖబీలా" అన్నాడు. అంటే తెగ. ఆ మాటతో వకీలు నిటారుగా కూర్చున్నాడు. తెగలంటే అరబ్బులకు చెవులు నిక్కుతాయి.

"బోయా అనే ఖబీలా ఉందా?"

"నిజమేనా, నీకు తెల్సా అని నన్ను అడుగుతున్నడు అవ్వా," అన్నాడు పర్శరాములు. "మా కరీంనగర్ దిక్కు నేనైతే సూడలె. పాలమూరు దిక్కు ఉంటరని ఇన్న."

"విన్నదే చెప్పు. సూసినట్టు చెప్పొద్దు."

పర్శరాములు విన్నదే చెప్పాడు. వకీలు పెదాలు కదిలాయి. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. ఒక వీధి నిండా బోయాలు ఉన్నారన్న పుకారు ఆయన దాకా కూడా పోయిందట. ఆయన నవ్వుతుంటే రజియా ముఖం కందిపోయింది. ముదీరా నవ్వలేదు. ఆమె బల్ల మీద చేత్తో కొట్టి నేరుగా హిందీలోనే అడిగింది.

"ఖబీలా ఛోడో. ఇప్పుడు నీకు అర్థం తెలుసు కదా. ఇప్పుడు చెప్పు. ఈ అమ్మాయి అలాంటిదా, కాదా?"

సనోబర్ మొదటిసారి తల ఎత్తి జేజిని చూసింది. జేజికి ఆ చూపు ముఖం మీద వేడిగా తగిలింది.

"అవ్వా," అన్నాడు పర్శరాములు చెవిలో, "ఎరికైతే చెప్పెయ్. గొడవ ఒడుస్తది. నేను బోయి చెట్లకు నీళ్ళు వెట్టుకుంట."

జేజి పైట సర్దుకుంది. ఆ పిల్ల తనకు చెప్పిన మాట నోటి చివరనే ఉంది. దాన్ని అక్కడే మింగేసింది.

"నేను ఏమీ సూడలేదు," అంది. "సూడంది చెప్పేది పాపం. చెవిన పడిందాన్ని సాక్ష్యం అని చెప్తే రేపు అల్లా ముందర ఎవరు నిలబడతారు, నువ్వు నిలబడతావా? ఎవరికి చక్కెర ఎంతో అడుగు, చెప్తా. వేరేది నన్ను అడగొద్దు."

పర్శరాములు ఒక్క ముక్క తగ్గించలేదు, ఒక్క ముక్క కలపలేదు. నువ్వు నిలబడతావా అన్నది కూడా ముదీరా వైపు చూడకుండా, గోడ గడియారానికి చెప్పినట్టు చెప్పేశాడు.

"ఎవరైనా చూశారా?" అని వకీలు గదంతా కలయజూశాడు. రజియా తన చెప్పుల వైపు చూసుకుంది. వకీలు సాక్షి లేదని రాసుకుని, భోజనానికి లేచిపోయాడు.

ఇక్కడితో అందరూ చప్పట్లు కొట్టారని రాయాలని మనవరాలికి చాలా ఆశ. ఒక్కరూ కొట్టలేదు. సనోబర్ ఉద్యోగం నిలిచింది, అంతే. ఆమెను ఆఫీసు వెనక పాత కాగితాలు పడేసే గదిలోకి మార్చారు. కిటికీ లేని గది. ఆమె నడిచే దారిలో ఆడవాళ్ళు అబాయాలు పక్కకు లాక్కునేవాళ్ళు. ఎవరైనా బోయా అంటే వద్దనేవాళ్ళు కూడా లేరు, ఎందుకంటే జేజి కిచెన్ ఆ వారమే ఊడిపోయింది. పనికి పెట్టిన కంపెనీకి ముదీరా ఫోన్ చేసింది. జేజిని బస్సుల డిపోలో మరుగుదొడ్లు కడిగే పనికి పంపారు. పర్శరాములు ఎదురైనప్పుడల్లా, "నీ పున్నెమాని నాకు సూపర్‌వైజర్ తోని రోజు తిట్లే" అని దండకం చదివేవాడు. అయినా డిపో దాకా వచ్చి పుదీనా కట్ట ఇచ్చి పోయేవాడు. ఇచ్చేటప్పుడు కూడా తిట్టేవాడు.

సనోబర్ ఒకరోజు డిపో గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో మిఠాయి పొట్లం. జేజి చీపురు ఆపలేదు.

"ఖాలా, ఒక్క మాట."

"నీతో నాకేం మాట లేదు. నీళ్ళు కొడతాండా, అంగీ తడుస్తాది. పక్కకు పో."

సనోబర్ పొట్లం గోడ మీద పెట్టి పోయింది. జేజి అది తినలేదు. పారేయనూ లేదు. పక్క పనామెకు ఇచ్చేసింది.

2008లో కంపెనీ ఒప్పందం మళ్ళీ రాయలేదు. జేజి ఊరికి వచ్చేసింది. ఒంట్లో సగం సత్తువ రాస్ అల్ ఖైమాలో వదిలేసి వచ్చింది కానీ నోరు మాత్రం మొత్తం తెచ్చుకుంది. ముదీరాను, రజియాను, పర్శరాములును, విమానంలో పక్క సీటాయనను, అందరినీ వరసపెట్టి తిట్టడం ఇప్పటికీ ఆగలేదు.

సనోబర్ ఇంకా అక్కడే ఉంది. ఈ కథలో జేజి చెప్పకుండా దాచిన సగం మనవరాలికి తెలిసింది సనోబర్ నోటినుంచే. ప్రతి రంజానుకూ ఇంటికి ఫోన్ చేస్తుంది. మోగినప్పుడు జేజి పక్కనే మంచం మీద ఉంటుంది. ఎత్తదు. ఎవరైనా ఎత్తి ఇవ్వబోతే గోడవైపు తిరిగి పడుకుంటుంది.

మొన్నటి రంజానుకు మనవరాలు ఫర్జానా ఇదంతా రాసి, పెద్దగా చదివి వినిపించింది. ముఖ్యంగా ఛాతీ విరుచుకున్న చోట గొంతు పెంచి చదివింది. జేజి తలకాయ గోడకు ఆనించి చివరిదాకా విన్నది. అప్పుడే ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది.

"జేజీ, నీ ఉద్యోగం పోగొట్టుకొని ఆమెది కాపాడితివి. ఇప్పుడు ఒక్క మాట మాట్లాడితే ఏం పోతాది? ఆమె మీద నీకు ప్రేమ లేదా?"

"లేదు," అంది జేజి. "ఆ పిల్ల తీరు నాకు అప్పుడూ గిట్టలేదు, ఇప్పుడూ గిట్టదు. గిట్టనంత మాత్రాన కూడు తీసేస్తారా? ప్రేమ దోమ అని దీంట్లో కలిపి రాసినావంటే చెయ్యి ఇరగ్గొడతా."